సిరంజి మాన్పించిన ఆరేండ్లు

ముప్పై నిండకుండానే రిటైరయినా అంటే మా వీధిలో అందరూ నవ్వినారు. నవ్వుకోనీ. ఆరేండ్లు కాకటీల్ పిట్టల పొడి పీల్చినా నేను. వీటి ఒంటి మీద సున్నం మాదిరి తెల్లపొడి ఉంటాది, రెక్క విదిలిస్తే గాలంతా అదే. మొదట దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పుట్టపర్తిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పట్టుకుని చూసి, "పిట్టలు కావాలా, ఊపిరి కావాలా?" అనింది. ఆమెతో కూడా పది నిమిషాలు కొట్లాడినా. నా గుణం అట్లాంటిది. ఇంటికొచ్చి రెండు దినాలు ఏడ్చి, ఊపిరే కావాలనుకున్నా. ఇప్పుడు హిందూపురంలోనే చేపల తొట్ల అంగడి పెట్టుకున్నా. చేపలకి పొడి లేదు, అరుపు లేదు. బాగానే ఉండాది.

మరి ఇది ఎందుకు రాస్తాండా అంటే, మెసేజులు ఇంకా ఆగలా. "అక్కా, నలభై దినాల పిల్ల గింజలు తింటాండాది, ఫార్ములా ఆపేయొచ్చా?" దినానికి ఇట్లాంటివి నాలుగైదు. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోతాండాది. అందుకే అంగట్లో కూర్చుని, ఇదంతా ఫోన్లోనే బొటనవేలితో కొడతాండా. కొత్తగా ఈ పనిలోకి వస్తాండే వాళ్ళ కోసం. రంగులేంటివి, జోడీలు ఎట్ల కట్టాల, పెట్టె ఎంత సైజుండాల, అది ఎవరైనా చెప్తారు. సిరంజితో తాగే పిల్లని సొంతంగా తినే పిట్టని చేయడం ఎట్లనో, అదొక్కటే నేను చెప్తా. పిల్లలు శానా చచ్చేది ఆడనే. ఒక పిల్లని నేనే చంపబోయినా.

నంజప్పన్న షెడ్డు

నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. ఫోన్లో కస్టమర్లకి సమాధానం చెప్పే ఉద్యోగం. ఒకాయన అదే ప్రశ్న మూడోసారి అడిగితే గట్టిగా అరిచినా. ఆ సాయంత్రమే ఇంటికి పంపించేసినారు. కొన్నాళ్ళు ఉండిపోదాంలే అని హిందూపురంలో మా పిన్ని ఇంటికొస్తే, పక్క సందులోంచి ఒకటే కూతలు. పోయి చూస్తే రేకుల షెడ్డు నిండా కాకటీల్లు. బూడిద రంగు ఒళ్ళు, పసుపు మొహం, బుగ్గ మీద నారింజ బొట్టు, నెత్తిన లేచి నిలబడే జుట్టు.

ఆ షెడ్డు నంజప్పన్నది. ఆయప్ప ముందు పట్టుపురుగులు పెంచేవాడు. మల్బరీ ఆకు కోసి కోసి నడుము పట్టేసినాక పిట్టల్లోకి దిగినాడు. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తాడు. ఆయన పిల్లలకి తాపిస్తాంటే నేను వీడియో తీస్తా అట్లనే నిలబడిపోయినా. "ఏమ్మా, ఒక చేతిలో ఫోనుండాది, రెండో చేయి ఖాళీనే గదా. ఈ గిన్నె పట్టుకో" అన్నాడు. అంతే, నా ఇంటర్వ్యూ అయిపోయింది.

పని ఏందంటే, పద్దెనిమిది ఇరవై దినాల పిల్లల్ని గూడు పెట్టెలోంచి తీసి, మనమే తల్లి మాదిరి తాపించాల. ఫార్ములా అంటే గింజలు మెత్తగా చేసిన పొడి. దాన్ని వేడినీళ్ళల్లో గంజి మాదిరి జారుగా కలిపి, సిరంజితో ముక్కు పక్కనుంచి మెల్లగా పోయాల. గొంతు కింద మేత సంచి ఉంటాది, అది బుడగ మాదిరి ఉబ్బుతాది. గంజి చల్లగా ఉంటే సంచిలోనే పులిసిపోతాది. వేడెక్కువైతే సంచి కాలిపోతాది. రెండింటి మధ్యన ఉండేది రెండు మూడు డిగ్రీలే.

రెండో నెలలో, టైం కలిసొస్తాది గదా అని పిన్ని ఇంట్లో మైక్రోవేవ్‌లో వేడిచేసి తెచ్చినా. గిన్నె అంచున గోరువెచ్చగా ఉండాది, నడిమధ్యన నిప్పు. నేను అంచునే వేలు పెట్టి చూసినా. నాలుగు దినాలకి ఒక పిల్ల గొంతు కింద చర్మం నల్లబడి బొక్క పడింది. తాపించింది తాపించినట్టే బయటికి కారింది.

నంజప్పన్న పిల్లని గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టి, "పెనుకొండకి పో" అన్నాడు. ఆడ ఓబులేసు డాక్టరని, గొర్రెలకి బర్రెలకి సూదులేసే ఆయన ఉండాడు. పిట్టల డాక్టరు మాకు యాడ దొరుకుతాడు? ఆయన కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని చూసినాడు. "గొర్రెల కడుపులు కుట్టినానమ్మా. ఇదేమో నా బొటనవేలంత కూడా లేదు గదా" అన్నాడు. అయినా కుట్టినాడు. పిల్ల బతికింది. నేను లేచి వస్తాంటే, "వేడి చూడాల్సింది వేలితో కాదు, థర్మామీటర్‌తో. అది మీ ఫోన్లో లేదా?" అని ఎగతాళి చేసినాడు. ఒళ్ళు మండింది. కానీ హిందూపురంలో బస్సు దిగినాక మొదట చేసిన పని థర్మామీటర్ కొనడమే.

గోడకి అంటించిన టేబులు

తర్వాత నేను పనిమంతురాలినైనా. గొప్పలు కాదు, నిజంగానే అయినా. రెండేండ్లలో ఒక్క పిల్లకీ కాలలా, ఒక్క పిల్లకీ పులియలా. ఫోన్లో అలారాలు పెట్టుకున్నా: పొద్దున ఆరు, పది, మధ్యాన్నం రెండు, సాయంత్రం ఆరున్నర. నాలుగు వారాల పిల్లకి దినానికి నాలుగు సార్లు, అయిదు వారాలకి మూడు, ఆరు వారాలకి రెండు, ఆరున్నర వారాలకి సున్నా. యాడెక్కడివాళ్ళో పెట్టిన చార్టులు ఫోన్లో ఏరి ఏరి నేను తయారుచేసిన టేబులు ఇది. ప్రింట్ తీసి షెడ్డు గోడకి అంటించినా.

నంజప్పన్న దాని ముందర నిలబడి, పైనుంచి కిందికి చదివినాడు. "పిల్లలు దీన్ని చదివినాయా?" అన్నాడు.

"అన్నా, ప్రపంచమంతా ఇట్లనే చేస్తాండారు."

"ప్రపంచం సంగతి నాకు తెల్దమ్మా. పట్టుపురుగు నిద్రకి పోయే ముందు ఆకు మానేస్తాది. ఎప్పుడు మానాలో దానికి తెల్సు. ఒక్కసారి కూడా నేను మాన్పించలా. ఈ పిల్లలకీ అంతే. సిరంజి చూపిస్తే ముక్కుతో తోసేసి, మొహం తిప్పుకుని పోవాల. అట్ల పది దినాలు తోసినాకనే వేరే ఇంటికి ఇయ్యాల."

"అట్ల పది దినాలు ఆగాలంటే పిల్లకి తొమ్మిది వారాలు నిండతాయి. కొనేవాళ్ళు ఆగుతారా?"

"ఆగనోళ్ళకి ఎందుకియ్యాల? బిడు."

బిడు అంటే వదిలెయ్ అని. ఆయప్ప ఆ మాటన్నాడంటే ఇంగ మాట్లాడకూడదని అర్థం. నేను మాట్లాడినా. గట్టిగానే మాట్లాడినా. ఆయన గింజల మూట ఎత్తుకుని లోపలికి పోయినాడు. టేబులు గోడ మీదే ఉండిపోయింది.

జుట్టోడు

ఆ ఎండాకాలం నంజప్పన్న కూతురికి కాన్పని మడకశిర పోయినాడు. షెడ్డు నా చేతిలో పెట్టిపోయినాడు. అప్పుడే ధర్మవరం నుంచి ఆదినారాయణ అని ఒకాయన వచ్చినాడు. పట్టుచీరలు నేసే ఇల్లు. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అయింది, నెల దినాలు సన్నపోగు ముట్టుకోవద్దన్నారంట. ఆమె చిన్నప్పట్నుంచీ మగ్గానికి కండెలు చుట్టే మనిషి.

"ఖాళీగా కూర్చుంటే మాయమ్మ మమ్మల్ని బతకనియ్యదు మేడం" అన్నాడు. "ఒక పిట్టనన్నా ఇయ్యండి, దాన్ని తిడతా కూర్చుంటాది."

ఆయన వేలు చూపించిన పిల్లకి నలభైయారు దినాలు. పందొమ్మిదో దినం నుంచీ నా చేతి మీద తాగింది. నా టేబులు ప్రకారం ముందు దినంతోనే దానికి సిరంజి సున్నా. మేం చూస్తాండగానే అది గిన్నె దగ్గరికి పోయి కొర్రగింజలు పటపటా కొరికింది. నేను ఆదినారాయణ మొహం చూసి నవ్వినా, చూసినావా అన్నట్టు.

నంజప్పన్నకి ఫోన్ చేసి అడగొచ్చు. బిడు అంటాడని తెల్సు, అందుకే చేయలా. ఇది దాచిపెట్టి లాభం లేదు. నా తప్పు మొదలైంది ఆడ.

అట్టపెట్టెలో పెడతాంటే పిల్ల అరిచింది. తుప్పుపట్టిన బోరింగు కొట్టినట్టు, ఆపకుండా, ఊపిరి ఊపిరికీ అరుస్తాయవి ఆకలేస్తే. భయంతో అరుస్తాండాదిలే అనుకున్నా. రెండేండ్లు వాటి మధ్యనే ఉండి, ఆ అరుపు నాకు తెల్దా? తెల్సు. టేబులులో సున్నా ఉండాది కాబట్టి అది ఆకలి కాదనుకున్నా.

ధర్మవరంలో అవ్వ దానికి జుట్టోడు అని పేరు పెట్టిందంట.

వీడియోలో ఎగిరింది

మూడో దినం ఆదినారాయణ ఫోన్ చేసినాడు. "మేడం, పిట్ట ఒకటే అరుస్తాండాది."

"కొత్త ఇల్లు గదప్పా, అరుస్తాది. తింటాండాదా?"

"గిన్నె దగ్గరే ఉంటాది ఎప్పుడు చూసినా."

"వీడియో పెట్టు."

పెట్టినాడు. జుట్టోడు గిన్నె అంచున కూర్చుని గింజ తీసుకునేది, ముక్కులో తిప్పేది, పొట్టు ఎగరగొట్టేది. గిన్నె చుట్టూ పొట్టే పొట్టు. "చూడప్పా, ఎట్ల తింటాండాదో!" అన్నా. ఆ వీడియోకి పాట తగిలించి, నా బిడ్డ సొంతంగా తింటాండాది అని స్టేటస్ కూడా పెట్టుకున్నా. శానా మంది గుండెలు పెట్టినారు.

అయిదో దినం మల్లా ఫోన్. "మాయమ్మ అంటాది, పిట్ట బరువు తగ్గుతాండాదంట."

"ఎగరడం నేర్చుకునేటప్పుడు కొంచెం తగ్గుతాయి, మామూలే. అయినా మీ అమ్మకి కండ్లే సరిగా కనపడవు గదా, బరువు ఏం చూస్తాది? ఊరికే ఊరికే ఫోన్ చేయొద్దప్పా."

ఆయన సరే మేడం అని పెట్టేసినాడు. నేనన్న ఆ మాట ఇప్పుడు రాస్తాంటే కూడా చెవులు కాలుతాండాయి.

ఆరో దినం పొద్దున్నే అదే నంబరు. ఈసారి ఆడగొంతు.

"ఎవురు, పిట్టల పాపేనా?"

"అవునవ్వా, చెప్పు."

"మా ఇంట్లో పట్టు వస్తే తూస్తాం, జరీ వస్తే తూస్తాం, చీర మగ్గం దిగితే తూస్తాం. గడప దాటేది ఏదైనా కాటా ఎక్కాల్సిందే. నీ పిట్టని కూడా వచ్చిన దినమే ఎక్కించినా. తొంభైరెండు గ్రాములు. నాకు కనపడకపోతే నా కోడలు చదువుతాది, దానికి కండ్లు బాగుండాయిలే. నిన్న డెబ్బైతొమ్మిది. ఈ పొద్దు డెబ్బైయారు."

"అవ్వా, నేను వీడియోలో చూసినా గదా, బాగా..."

"నీ ఫోన్లో కనపడేది పొట్టు పాపా. నా కాటాలో కనపడేది పిట్ట."

పెట్టేసింది.

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాల? తొంభైరెండులో పదహారు పోయినాయి. కాకటీల్‌కి పది పోతేనే గుబులు పడాల. ముందు దినమే మడకశిర నుంచి వచ్చిన నంజప్పన్న షెడ్డులో నీళ్ళు మారుస్తాండాడు. పోయి అంతా చెప్పినా. స్టేటస్ సంగతి కూడా చెప్పినా.

"సిరంజి తోసిందా?" అన్నాడు.

"లే అన్నా. నేనే ఆపేసినా."

ఆయన వేడినీళ్ళు ఫ్లాస్కులో పోసినాడు, పొడి డబ్బా, సిరంజిలు, థర్మామీటర్ సంచిలో పెట్టినాడు. "అది తినేదాంక రావద్దు" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే పని చెప్పినట్టు.

పెనుకొండ బస్టాండులో పది నిమిషాలు

బస్సులోంచి ఓబులేసు డాక్టరుకి ఫోన్ చేసినా. పెనుకొండలో బస్సు ఆగేటప్పటికి ఆయన బండి మీద కూర్చుని ఉండాడు, హెల్మెట్ కూడా తీయలా.

"ఎన్ని దినాలుగా తినలా?"

"ఆరు, సార్."

"పోగానే సంచి నిండా పోస్తావు, అంతే గదా?"

నేను అదే అనుకుంటాండా.

"పోస్తే ఆడికాడే చస్తాది. తల్లి లేక కడుపు మాడిన గొర్రెపిల్లల్ని ఎన్ని చూసినానో. ముందు ఒళ్ళు వెచ్చబెట్టు. చల్లటి ఒంట్లో ఏదీ అరగదు. తర్వాత, ఇదో, ఈ పొట్లంలో ఉండే మందు పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కలు. అది రెట్ట వేసినాకనే జారుగా గంజి. సంచి సగమే. ఎంత అరిచినా సగమే. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"ఇంకొకటి. నీ కోపం బస్సులోనే దించి ఇంట్లోకి పో. ఆ అవ్వ తూసి ఉండకపోతే నీకు తెలిసేది పిట్ట పోయినాకనే."

బస్సు కదిలింది. ఆయనకి చెయ్యి ఊపుదామనుకుంటే రెండు చేతుల్లోనూ సామాన్లే.

నల్లద్దాల అవ్వ

సందు మొదట్లోనే మగ్గాల చప్పుడు. ఆదినారాయణ గుంతమగ్గం మీద కాళ్ళాడిస్తా, నన్ను చూసి ఆపేసినాడు. అవ్వ కిటికీ పక్కన నల్లద్దాలు పెట్టుకుని కూర్చోనుండాది, సినిమా పోలీసు మాదిరి. పక్కన వెదురుబుట్టలో జుట్టోడు. ఈకలన్నీ ఉబ్బించుకుని, జుట్టు వెనక్కి పడిపోయి, కండ్లు సగం మూసుకుని ఉండాడు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక వేలికి కత్తి అంచు మాదిరి తగిలింది.

"అవ్వా, నేను నిన్న..." అని మొదలుపెట్టినా.

"కాళ్ళు కడుక్కున్నావా? లేదా? కడుక్కో. ముందు దాన్ని చూడు. తిట్టుకునేది తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం."

సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టినాం. అవ్వ కోడలు పాత పట్టు ముక్క ఒకటి తెచ్చి కప్పింది. అరగంటకి ఈకలు కొంచెం దిగినాయి. నాలుగు చుక్కలు నీళ్ళు. కాసేపాగి ఇంకో నాలుగు. అందరం దాని వెనకవైపే చూస్తా కూర్చున్నాం. మగ్గం ఆగిపోయింది, పక్కింటామె కూడా వచ్చి నిలబడింది. ఒక పిట్ట రెట్ట కోసం అంతమంది అట్ల ఎదురుచూడ్డం నేనెప్పుడూ చూడలా. గంటన్నరకి వేసింది. అవ్వ చప్పట్లు కొట్టింది.

అప్పుడు గంజి. సిరంజి కనపడేసరికి జుట్టోడు లేచి, తల ఊపుతా, అదే తుప్పు అరుపుతో ఎగబడ్డాడు. ఒళ్ళంతా ఆకలే. సగం పోసి ఆపేసినా. వాడు అరుస్తానే ఉండాడు.

"పొయ్యి పాపా, పొయ్యి! ఆకలిగొన్న బిడ్డ!" అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"సగమే అవ్వా. డాక్టరు చెప్పినాడు."

"డాక్టరుకి కడుపు నిండుండాది, అట్లనే చెప్తాడు."

"అవ్వా! అన్నీ తూసి లెక్కగా చేసేది నువ్వే గదా!"

ఆమె నల్లద్దాల పైనుంచి నన్ను చూసింది. "అబ్బ, నోరుండాదే దీనికి" అనింది కోడలితో, తృప్తిగా.

పొట్టు చెరిగితే తెలిసింది

మరుసటి పొద్దున నేను ఇంకా ఒక అనుమానంతోనే ఉండా. వీడియోలో అంత పొట్టు ఎగిరింది గదా, తినకుండా ఎట్ల? అదే అడిగినా. అవ్వ గిన్నె చుట్టూ పడిందంతా చేటలో ఊడ్చి, రెండుసార్లు చెరిగి, ఉఫ్ అని ఊదింది. పొట్టు పోయింది. చేటలో మిగిలినాయి తెల్లటి చిన్న బియ్యం. పిడికెడు ఉంటాయి.

"చూడు. నీ పిట్ట నాకు కొర్రబియ్యం దంచి పెడతాండాది" అనింది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. జుట్టోడు గింజ పట్టుకుంటాండాడు, పొట్టు తీస్తాండాడు, లోపలి బియ్యాన్ని కింద పారేస్తాండాడు. పొట్టు తీయడం ముక్కుకి ఆట. మింగడం వేరే విద్య. ఆ రెండింటి మధ్యన ఒక్కోసారి రెండు మూడు వారాలు పడతాది. నా టేబులులో ఆ వారాలు లేవు. నేను ఆరు వారాలకి చూసి తింటాండాదని టిక్కు పెట్టుకున్న పిల్లలు ఇంకెన్ని ఉండాయో, అవి ఏమైనాయో, నాకు తెలీదు. అది మోయాల్సిన బరువు నాది.

తొమ్మిది దినాలు ఆ ఇంట్లోనే ఉండా. మళ్ళా దినానికి నాలుగు సార్లు సిరంజి, చిన్నపిల్లకి మాదిరి. వెనక్కి పోయినామని బాధపడొద్దు. ఇల్లు మారినప్పుడు బాగా తినే పిల్ల కూడా వెనక్కి పోతాది, నోరు తెరుస్తాది. అడిగితే పోయాల. కడుపు నిండిన పిల్లే కొత్త తిండిని ముట్టుకునేది. ఆకలితో మాడిస్తే నేర్చుకుంటాదని కొంతమంది చెప్తారు. ఆకలితో ఉండేదానికి భయం తప్ప ఏదీ రాదు.

లోతు గిన్నె తీసేసి అవ్వ చేటలోనే గింజలు పరిచినాం. జుట్టోడు చేట మీద నడిచి, గీకి, చెల్లాచెదరు చేసి, ఆడుకున్నాడు. కోడలి పుట్టింటివాళ్ళు తలుపుల ఊరి నుంచి పచ్చి కొర్రకంకులు పంపించినారు. పచ్చి గింజ మెత్తగా ఉంటాది, పారేసేలోపే కొంచెం నోట్లోకి పోతాది. నానబెట్టిన సజ్జలు, ఉడికిన మొక్కజొన్న వెచ్చవెచ్చగా వేలితో పెట్టినా. నాకేది తోచితే అది పెడతాండా, వాడు రుచి చూసి విదిలిస్తాండాడు. సగం నా మొహం మీదే.

వాడికి మింగడం నేర్పింది నేను కాదు. మధ్యాన్నం ఇంట్లోవాళ్ళంతా నేల మీద కూర్చుని సంగటి తింటారు. అవ్వ చేటని తన పళ్ళెం పక్కకి లాక్కుంది. ఒక ముద్ద తాను తినేది, రెండో ముద్దకి ముందు చేటలో గింజల మీద వేలితో టకటకా కొట్టేది, "తిను రా, చూస్తావేంది" అనేది. నాలుగో దినం జుట్టోడు చేట దిగి ఆమె పళ్ళెం అంచు ఎక్కి, సంగటి గిల్లి, గుటుక్కుమన్నాడు. గొంతు కదిలింది. నేను చూసినా. ఫోన్ తీయడం కూడా మర్చిపోయినా.

పిట్టలు ఒంటరిగా తినవు. మందలో ఒకటి ముక్కు దించితే అన్నీ దించుతాయి. నేను ఆ రెండేండ్లూ పిల్లల ముందర గిన్నె పెట్టి, ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. వాటి పక్కన కూర్చుని ఒక్క మెతుకు తినలా.

కొత్తవాళ్ళకి చెప్పేది

పొట్టు నమ్మొద్దు, వీడియో నమ్మొద్దు. పొద్దున్నే, ఏదీ పెట్టకముందు, పిల్లని కాటా మీద పెట్టు. దినమూ అదే వేళకి. గ్రాము గ్రాము చూపించే కాటా కావాల, వంటింటిది చాలు. ఎగరబోయే ముందు కొంచెం తగ్గితే కంగారు లేదు, మూడో దినం కూడా తగ్గుతాంటే సిరంజి పట్టుకో. సాయంత్రం మేత సంచి వేలితో తాకు. గింజలుంటే గరగర తగులుతాయి. ఏం తగలకపోతే అది ఆడుకుంది, తినలా.

పిల్ల సిరంజి తోసేదాంక నువ్వు మానొద్దు. తోసినాక బలవంతం చేయొద్దు. రెండూ తప్పే.

ఇంకో మాట, దీనికి కొంతమందికి నా మీద కోపమొస్తాది, రానీ. సిరంజి చేతికిచ్చి, మీరే తాపిస్తే మీకే మాలిమి అవుతాదని చెప్పి తాగే పిల్లల్ని అమ్మేవాళ్ళున్నారే, ఆ మాట పచ్చి అబద్ధం. తొమ్మిది వారాలకి ఇంటికొచ్చిన పిట్ట కూడా భుజమెక్కుతాది. తాపించడం రానోడి చేతిలో పిల్ల ఊపిరితిత్తుల్లోకి గంజి పోయి చస్తాది, అంతే తేడా. నేను కూడా ఇంచుమించు అదే చేసినా కాబట్టి చెప్తాండా.

మంచి బాసు దొరికితే వాదించండి, తప్పులేదు. కానీ వాదనలో గెలిచినంత మాత్రాన పిల్ల కడుపు నిండదు. నేను హిందూపురం తిరిగొచ్చినాక మొదట గోడ మీది టేబులు పీకేసినా. నంజప్పన్న ఆ చోట ఒక మేకు కొట్టి పుస్తకం వేలాడదీసినాడు, దినం దినం బరువులు రాయడానికి. తర్వాత నాలుగేండ్లు మా షెడ్డు నుంచి తొమ్మిది వారాల లోపు పిల్ల ఒక్కటీ పోలా. ఆగలేనోళ్ళు పోయినారు. వాళ్ళకి బిడు అని నేనే చెప్పేదాన్ని.

తొమ్మిదో దినం

ఆ దినం పొద్దున కాటా మీద తొంభైయొకటి. ముందు మూడు దినాల నుంచి సిరంజి రెండు సార్లే, అదీ సగం సగం. కోడలు అంకె గట్టిగా చదివితే అవ్వ మల్లా చదవమనింది. మల్లా తొంభైయొకటే.

మధ్యాన్నం అలవాటుగా గంజి కలిపి, వేడి చూసి, సిరంజి నింపి తెచ్చినా. అందరూ తినేదానికి కూర్చోనుండారు. జుట్టోడు చేటలో ఉండాడు. సిరంజి వాడి ముక్కు దగ్గర పెట్టినా. వాడు దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. ముక్కుతో పక్కకి తోసినాడు. ఇంకోసారి పెట్టినా. ఈసారి కొరికి, జుట్టు నిక్కబొడుచుకుని కసిరినాడు. పోయి అవ్వ మోకాలి పక్కన నిలబడి గింజ పగలగొట్టినాడు. పొట్టు కింద పడింది, గింజ పడలా.

నేను నిండు సిరంజి పట్టుకుని అట్లనే నిలబడిపోయినా. ముందర ఇరవై ఏడు దినాలు, మల్లా ఈ తొమ్మిది దినాలు నా అరచేతిలో తాగినోడు. సంతోషంగానే ఉండాది. సిరంజిలో గంజి చల్లారతాండాది, దించబుద్ధి కాలా.

అవ్వ తలెత్తలా. పక్కన నేల మీద చేత్తో తుడిచి, ఖాళీ పళ్ళెం ఒకటి లాగి పెట్టింది.

"ఇంగ దానికి నీతో పనిలే పాపా. కూర్చో. నువ్వు కూడా తిను."